మధ్యాహ్నపు కునుకు

మా అత్తగారికి కోపం వస్తే వీధి వీధంతా తెలుస్తుంది. నిద్ర వస్తే మాత్రం ఎవరికీ తెలియదు, మాట్లాడుతూ మాట్లాడుతూనే జారిపోతారు. ఒకప్పుడు అది మా ఇంట్లో నవ్వులాట. కాకినాడలో బోలెడన్నేళ్ళు మెస్సు నడిపిన మనిషి, మధ్యాహ్నం ఆఖరి పంక్తి లేవగానే బియ్యం బస్తాకి ఆనుకుని కునుకు తీసేవారట. అప్పుడు గల్లాపెట్టె ఎవరైనా ఎత్తుకుపోయినా తెలిసేది కాదని మా ఆయన ఆట పట్టించేవారు. ఇప్పుడు ఆవిడ రెప్పలు బరువెక్కాయంటే చేస్తున్న పని వదిలేసి పరిగెత్తుతాను.

ఆవిడకి కునుకు జ్వరం వచ్చిపోయాక నన్ను పట్టుకున్న భయమిది. వరదల ఏడాది దోమల వెంట వచ్చిన ఆ జ్వరం చాలామందికి ఇట్టే తగ్గిపోయింది. ఏ కొద్దిమందికో తలలో మెలకువ తెప్పించే చోటు దెబ్బతింది. వాళ్ళకి నిద్ర మామూలుగానే వస్తుంది, లేవడమే రాదు. గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది, పిలిచినా గిల్లినా మనిషి మాత్రం పైకి రాదు. నిద్రని ఆపుకునే శక్తి కూడా పోతుంది. కాఫీలూ మాత్రలూ ఏవీ పనిచేయవు.

దానికి మందు లేదు గానీ మా డాక్టర్ త్రివిక్రమరావుగారు ఒక యంత్రం కనిపెట్టారు. నుదుటికి పట్టీ కట్టుకుని పడుకుంటే, మెదడు ఏ దారిన నిద్రలోకి దిగుతోందో మా ల్యాబులో ఉన్న సర్వర్ వెన్నంటి చూసి గుర్తు పెట్టుకుంటుంది. లేవాల్సిన వేళకి అదే దారిన వెనక్కి నడిపించుకొస్తుంది. షరతు ఒక్కటే. దిగేటప్పుడు యంత్రం వెంట ఉండాలి. అది లేనప్పుడు కన్ను మూశారంటే, తర్వాత ఎంత వెతికినా దారి దొరకడం కష్టం.

అలా దారి తప్పిన మనిషి మా ల్యాబులోనే ఉంది. డాక్టరుగారి కూతురు సుచరిత. యంత్రం పుట్టకముందే నిద్రపోయింది, అసలు యంత్రం పుట్టిందే ఆమె కోసం. మా అత్తగారికి ఆ జ్వరం యంత్రం వచ్చాకే తగిలింది. సర్వర్ గది పక్క గదిలో, కిటికీ దగ్గర మంచం మీద మూడేళ్ళుగా పడుకుని ఉంది. సర్వర్‌లో ఒక సగం మా అత్తగారి రాకపోకలు చూసుకునేది. రెండో సగం రాత్రనక పగలనక సుచరిత దారిని వెతుకుతూ ఉండేది, చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్ళినట్టు. ఈ సంగతి జరిగిన దసరా నెలలోనే సుచరిత కనురెప్పలు కదిలాయి.

ఆ సర్వర్ బాగోగులు చూసే ఇంజనీరుని నేను. రెండో సర్వర్ కావాలని ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. అది కాగితాల మీదే ఉంది.

ఏడాదికొకసారి, ఆయుధ పూజ నాడు, సర్వర్‌ని కాసేపు ఆపుతాం. దుమ్ము దులపడానికీ పూజకీ కలిపి అదే ముహూర్తం. అత్తగారు పొద్దున్నే క్షేమంగా లేచారని ఇంటికి ఫోన్ చేసి తెలుసుకున్నాకే స్విచ్ మీద చెయ్యి వేస్తాను. సుచరిత మంచం పక్కనున్న పెట్టె ఆ పూటకి ఆమె మెదడు తరంగాల్ని దాచి ఉంచి, సర్వర్ లేవగానే అందిస్తుంది. పసుపూ బొట్టూ అన్నీ సర్వర్ పెట్టిన బీరువా లాంటి రాక్ తలుపుకి బయటే. అది మా ల్యాబులో కట్టుబాటు.

ఆ ఏడాది పూజ నాడు కూడా నేను మూత తెరిచి దుమ్ము దులిపాను. ఎప్పుడూ గుమ్మం దగ్గర నిలబడి, "మీ మెషీన్‌కి కొబ్బరికాయ సరిపోయిందా, ఇంకోటి కొట్టమంటారా?" అని నవ్వే డాక్టరుగారు, ఆ రోజు లోపలికి వచ్చారు.

"నువ్వెళ్ళి ప్రసాదం తీసుకో హైమా. మూత నేను బిగిస్తాను," అన్నారు.

కొత్తగా ఉందే అనుకుంటూ వెళ్ళాను. పులిహోర పొట్లం పట్టుకుని వచ్చేసరికి మూత బిగించి ఉంది. స్విచ్ నొక్కాను. ఫ్యాన్లు హోరెత్తాయి. కొబ్బరికాయ ముక్క నోట్లో వేసుకుని తెర వంక చూస్తూ నిలబడ్డాను.

తెర నల్లగానే ఉండిపోయింది.

ముందు వైపు నీలంగా వెలగాల్సిన దీపం పసుపు రంగులో మిణుకుమంది. ఫ్యాన్లు తగ్గాలి, తగ్గలేదు. ఇంకా గట్టిగా అరిచాయి. నోట్లో ముక్క నమలడం మరిచిపోయాను.

కంగారు పడకూడదు, అలవాటుగా చేసే పనులు ఒక్కొక్కటీ చేయాలి. పవర్ సప్లైలు రెండింటి వెనకా ఆకుపచ్చ దీపాలు వెలుగుతున్నాయి, కరెంటుకి లోటు లేదు. వైర్లు పీకి, కాసేపు ఆగి, మళ్ళీ పెట్టాను. అదే హోరు, అదే పసుపు దీపం. సర్వర్ చచ్చినా అందులో కాపలా కాసే చిన్న చిప్పు ఒకటి మెలకువగా ఉంటుంది. నా లాప్‌టాప్ తగిలించి దాన్ని అడిగాను. ఎర్రటి హెచ్చరికలు వరుసగా దిగాయి. మెమరీ లోపం. మెమరీ లోపం. మళ్ళీ మెమరీ లోపం. అన్నీ ఒక వైపు స్లాట్లవే, మా అత్తగారి వైపువి.

ఇంతలో ఫోన్ మోగింది. మా ఆయన శేషగిరి.

"హైమా, అమ్మ గారెలు వండేసింది. పరమాన్నం కూడా అయిపోయింది. నువ్వు వచ్చేదాకా ఆగమంటే ఆగట్లేదు. నువ్వెప్పుడొస్తావు?"

"ఏవండీ, అత్తయ్యకి పట్టీ కట్టెయ్యండి. ఇప్పుడే."

"ఇంకా భోజనమే కాలేదు, అప్పుడే పట్టీ ఎందుకు?"

"సర్వర్ లేవట్లేదు."

అవతల మా ఆయన పట్టీ కోసం అల్మారా తెరిచిన చప్పుడైంది.

"భోజనం పెట్టకండి," అన్నాను. "తింటే ఆవిడ ఆగలేరు. కూర్చోనివ్వకండి. ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండండి."

"ఎంతసేపు?"

ఫోన్ పెట్టేసి మూత స్క్రూలు విప్పాను. స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారింది.

మూత లేపగానే వాసన తగిలింది. కాలిన ప్లాస్టిక్ వాసనా, దాని వెనక గుడి వాసనా. టార్చి వేసి చూశాను. ర్యామ్ స్టిక్కుల మధ్య ఎర్రగా, సన్నగా, తడి తడిగా ఏదో పేరుకుంది. వేలితో తాకి చూస్తే కుంకుమ. ఫ్యాన్ల ముందున్న సందులో కుంకుమ మడిచిన తమలపాకు ఒకటి దోపి ఉంది. పూజకి కడిగిన ఆకు, ఇంకా చెమ్మ ఆరలేదు. దాన్ని సుచరిత వైపే పెట్టారు, కానీ ఫ్యాన్లు తిరగ్గానే కుంకుమ గాలి ఎటు తోస్తే అటు పోయింది. తడి కుంకుమ స్లాట్లలోకి దిగి, కరెంటు పోకూడని చోట్లకి పోయి, అత్తగారి వైపు స్టిక్కులన్నిటినీ మాడ్చేసింది.

వెనక అడుగుల చప్పుడైంది. డాక్టరుగారు నా చేతిలో ఆకు చూశారు.

"అమ్మాయి రెప్పలు కదిలాయి కదా హైమా," అన్నారు. "ఇన్నేళ్ళూ నేను నమ్మలేదు. ఈసారి ఎందుకో... అమ్మవారి కుంకుమ కొంచెం, దాని వైపు పెడదామనిపించింది."

నాకు ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు, భయమే వచ్చింది. కోపానికి చోటు లేనంత భయం.

స్పిరిట్‌తో స్లాట్లు కడిగాను, మెత్తటి బ్రష్‌తో తుడిచాను. మాడిన స్టిక్కులన్నీ తీసి పక్కన పెట్టి, ఇవతలి వైపు స్టిక్కులు ఒక్కొక్కటే పెట్టి చూశాను. అవి బాగానే ఉన్నాయి. అత్తగారి వైపు స్లాట్లు మాత్రం నల్లబడ్డాయి. హైదరాబాదు సప్లయరుకి ఫోన్ చేశాను. పండగ, కొట్టు మూసేశారు. బతిమాలితే గోడౌన్ తెరిపించి రాత్రి బస్సుకి బోర్డూ ర్యామూ వేస్తానన్నాడు. రేపటికి గానీ అందవు.

రేపు. మా అత్తగారు సాయంత్రం దాకా ఆగితే గొప్ప.

మా ఆయన మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి స్పీకర్ పెట్టి బల్ల మీద పెట్టాను, చేతులు రెండూ పనిలో ఉన్నాయి కదా.

"ఇంతసేపూ వీధిలో నడిపించాను. ఇక కాళ్ళు లాగుతున్నాయంటోంది. మొహం కడిగాను. కళ్ళు మూతలు పడుతున్నాయి హైమా."

వెనక నుంచి ఆవిడ గొంతు. "ఏంట్రా ఈ గోల? పండగ పూట కడుపు మాడ్చి, ఎండలో తిప్పి చంపుతున్నావు నన్ను. నీ పెళ్ళానికి బుద్ధి లేదు, నీకు లేదు."

ఆవిడ తిడుతుంటే నా ప్రాణం కాస్త కుదుటపడింది. తిడుతున్నారంటే మెలకువగా ఉన్నట్టే. "అలా తిట్టనివ్వండి, ఆపకండి," అన్నాను.

మిగిలిన స్టిక్కులతో సర్వర్‌ని లేపగలనని అప్పటికే తెలిసింది. కానీ అవి సుచరితవి. కరెంటు పోయినా మరిచిపోని రకం ర్యామ్ అది, మూడేళ్ళ వెతుకులాటంతా అందులోనే ఉంది. కాపీ తీద్దామని మేము చాలాసార్లు ప్రయత్నించాం. ఆమె మెదడుతో పాటు ఆ దారి కూడా క్షణక్షణం మారిపోయేది, కాపీ పూర్తయ్యేసరికే పాతబడేది. ఒక సగంలో ఒక మనిషికే చోటు. అత్తగారిని పట్టుకోవాలంటే సుచరిత దారి చెరపాలి.

ఆ మాట నేను చెప్పక్కర్లేకపోయింది. యంత్రం కట్టిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

"రేపటికి వచ్చేస్తాయన్నావు కదా," అన్నారు డాక్టరుగారు. "ఒక్క రోజు. ఆవిడని ఒక్క రోజు ఆపలేమా?"

"ఆపలేం సార్."

"ఇద్దరు మనుషులు పట్టుకుని... నడిపిస్తూ..."

"ఆవిడ నడుస్తూ నడుస్తూనే నిద్రపోతారు సార్. మీకు తెలుసు."

ఆయన గోడకి ఆనుకున్నారు. "దగ్గరికొచ్చేశాం హైమా. రెప్పలు కదిలాయి. ఇప్పుడు చెరిపేస్తే మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ ఈ దారి దొరుకుతుందో లేదో."

నిజం చెబుతాను, ఆ క్షణాన నా మనసులో సుచరిత మీద జాలి లేదు. ఆయన కాదంటే పక్కకి తోసి నేనే నొక్కుదామా అనిపించింది. పక్క గది తలుపు సందులోంచి ఆ పిల్ల పాదాలు కనిపిస్తున్నాయి. వాటివైపు చూడకూడదని తల తిప్పుకున్నాను.

"సుచరితది చెరిపితే తప్ప అత్తయ్య బతకరు సార్," అన్నాను గట్టిగానే.

అప్పుడు బల్ల మీది ఫోన్ మాట్లాడింది.

"హైమా? ఏంటంటన్నావే?"

స్పీకర్ సంగతి మరిచిపోయాను.

"ఆ పిల్లది తీసేత్తారా నాకోసం? డాక్టరు గారండీ, ఉన్నారాండీ అక్కడ?"

"ఉన్నానమ్మా," అన్నారు ఆయన.

"వద్దండి. నేను తిన్నాను, తిరిగాను, ఊరందరికీ వండి పెట్టాను. ఆ పిల్ల ఇంకా ఏం చూసిందండి? దాన్ని అలాగే ఉంచండి. నాకు నిద్దరొత్తంది, నేను పడుకుంటానండి."

"అత్తయ్యా! అత్తయ్యా, మీరు అలా..."

అవతల ఏదో కిందపడింది. మా ఆయన "అమ్మా! అమ్మా!" అని అరిచారు. తలుపు ధడాలున మూసుకున్న చప్పుడు, వెంటనే గడియ పడిన చప్పుడు. తర్వాత ఆయన తలుపు బాదడం.

"గదిలోకెళ్ళి గడేసుకుంది హైమా! తలుపు తీయట్లేదు!"

"పట్టీ ఉందా? పట్టీ తీసేశారా?"

"పట్టీ ఉంది. ముడి వెనక నేనేగా వేసింది, ఆవిడకి విప్పడం రాదు. మంచం మీద పడుకుంది. కిటికీలోంచి కనపడుతోంది. హైమా, ఏదో ఒకటి చెయ్యి!"

నేను డాక్టరుగారి వైపు తిరిగాను. ఏం మొహం పెట్టుకుని తిరిగానో తెలియదు. ఆయన అప్పటికే కీబోర్డు దగ్గరున్నారు. మిగిలిన స్టిక్కులు ఇవతలి వైపు స్లాట్లలోనే బిగించి స్విచ్ నొక్కాను. ఫ్యాన్లు హోరెత్తి, ఈసారి తగ్గాయి. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. మెమరీలో పాత దారి ఉంది, చెరిపి కొత్తగా మొదలుపెట్టనా అని అడిగింది సర్వర్. మేమే రాసిన ప్రశ్న అది. ఎప్పటికీ అవసరం రాదనుకుని రాసింది.

డాక్టరుగారు ఒక్కసారి పక్క గది వైపు చూశారు. "అమ్మలూ," అన్నారు, మెల్లిగా. అని, అవును అనే మీట నొక్కారు.

చెరపడానికీ, మెమరీ అంతా సరిచూసుకోవడానికీ సర్వర్‌కి సమయం పడుతుంది. ఆ గీత ఎడమ నుంచి కుడికి పాకుతూ ఉంటుంది, దాన్ని తొందరపెట్టే మార్గం లేదు. అంతదాకా ఆవిడ నిద్రపోకూడదు.

మా అత్తగారిని మేలుకొలిపి ఉంచగలిగేది లోకంలో ఒక్కటే ఉంది.

"ఏవండీ, ఫోన్ కిటికీలో పెట్టండి. గట్టిగా వినపడేలా," అన్నాను. ఊపిరి పీల్చుకున్నాను. "అత్తయ్యా! మీకో సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదు. మీ మెస్సు ఎందుకు మూతపడిందో తెలుసా? మీ పప్పుచారు వల్లే!"

జవాబు లేదు. గీత సగం కూడా కాలేదు.

"నీళ్ళ చారు! అందరూ వెనకాల నవ్వుకునేవారు! ఇంగువ తప్ప ఏమీ ఉండేది కాదు అందులో!"

దూరంగా, నీరసంగా ఆవిడ గొంతు. "ఏంటే... వాగుతున్నావు..."

"ఉన్నమాటే అంటున్నాను! మా అమ్మ పెట్టే పప్పుచారు ముందు మీది ఎందుకూ పనికిరాదు! మీ అబ్బాయే చెప్పారు!"

"నేనెప్పుడు..." అని మా ఆయన ఏదో అనబోయి ఆగిపోయారు.

"మీ... మీ అమ్మా?" మంచం కిర్రుమంది. లేవబోయి మళ్ళీ పడిపోయినట్టున్నారు. "మీ అమ్మకి పోపు... పెట్టడమే రాదే... ఏం తెలుసని..."

"మీకంటే బాగా తెలుసు! మీ గారెలు రాళ్ళు! మీ పరమాన్నం పిండి! పండక్కి పిలిస్తే చుట్టాలు ఎందుకు రారో అనుకున్నారా?"

నేను ఏడుస్తూ తిడుతున్నాను. కన్నీళ్ళు కీబోర్డు మీద పడుతుంటే డాక్టరుగారు దాన్ని పక్కకి లాగారు. గీత ఇంకా కుడి అంచుకి చేరలేదు.

"నీ సంగతి... చెప్తానుండు..." ఆవిడ మాట ముద్ద ముద్దగా వస్తోంది. "మీ అమ్మ చారులో... మీ అమ్మ చారులో..."

తర్వాత మాట రాలేదు.

"అత్తయ్యా? ఏం? మా అమ్మ చారులో ఏం? చెప్పండి! అత్తయ్యా!"

"హైమా," అన్నారు మా ఆయన. "కళ్ళు మూసేసింది."

గీత అంచుకి తగిలింది. తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్ళీ వెలిగింది. ఆకుపచ్చటి అల ఒకటి కనిపించింది, కిందికి జారుతోంది. అది ఆవిడ. దాని వెనక, ఎక్కడ మొదలైందో తెలియకుండా, రెండో అల వచ్చి చేరింది. యంత్రం ఆవిడ వెనక దిగింది. కానీ ఆవిడ మొదటి మెట్టు దిగాక దిగిందా, ముందే దిగిందా? ఆ తేడాలోనే ఉంది అంతా. అది తెర చెప్పదు. ఆవిడ లేస్తేనే తెలుస్తుంది.

మా ఆయన తలుపు గడియ ఊడగొట్టి లోపలికి వెళ్ళారు. "ఊపిరి పీలుస్తోంది," అన్నారు. సుచరిత కూడా ఊపిరి పీలుస్తూనే ఉంది కదా అనుకున్నాను.

కునుకు పూర్తవనిచ్చి, యంత్రానికి లేపమని చెప్పాను. అల మెల్లిగా పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగింది. అక్కడే ఊగుతూ నిలబడిపోయింది. డాక్టరుగారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇంట్లో మా ఆయన తల్లి చెయ్యి పట్టుకుని "అమ్మా, అమ్మా" అంటూనే ఉన్నారు. నేను దేవుడికి దండం పెట్టుకోలేదు, ఆ రోజు నాకు అందుకు కూడా భయమేసింది.

అల ఇంకొంచెం ఎక్కింది. ఆగింది. ఎక్కింది.

ఫోన్‌లో దగ్గు వినిపించింది. గొంతు సవరించుకుని, నిద్ర మత్తులోనే, ఎక్కడ ఆపారో అక్కడి నుంచి అందుకున్నారు మా అత్తగారు.

"...పప్పే ఉండదు! తెలుసా? మీ అమ్మ చారులో పప్పే ఉండదు!"

నేను నేల మీద కూలబడ్డాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. కాసేపటికి తల ఎత్తి చూస్తే డాక్టరుగారు లేరు. పక్క గదిలో, కూతురి నుదుటి నుంచి పనిచేయని పట్టీ తీసి, అది పెట్టిన గుర్తులు పోయేలా బొటనవేలితో మెల్లిగా రుద్దుతున్నారు.

నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఆవిడ తనని బతికించమని ఏడిచి ఉంటే నేను నొక్కేవాణ్ణి కాదేమో హైమా," అన్నారు వెనక్కి తిరక్కుండానే. "వద్దంది. ఆ మాట విన్నాక ఇంక నా వల్ల కాలేదు."

మర్నాడు బోర్డూ ర్యామూ వచ్చాయి. సర్వర్ రెండు సగాలూ నీలం దీపంతో చక్కగా లేచాయి. రెండో సగం సుచరిత దారిని మళ్ళీ మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టింది. ఆమె రెప్పలు మళ్ళీ కదలలేదు. మేము రాక్ తలుపుకి బొట్టు పెట్టడం కూడా మానేశాం. ఎవరూ మానమని చెప్పలేదు.

మా అత్తగారు ఇప్పుడు మధ్యాహ్నం కునుకు తీయరు. భోజనం కాగానే ఆటో ఎక్కి ల్యాబుకి వచ్చేస్తారు. సుచరిత మంచం పక్కన స్టూలు వేసుకుని, ఆ పిల్ల జుట్టు దువ్వి జడ వేస్తూ గొడవ పెట్టుకుంటారు. సర్వర్ గదిలో కూర్చున్న నాకు అంతా వినపడుతుంది. కళ్ళు తెర మీద పెట్టుకుని చెవులు అక్కడ పెట్టుకుంటాను.

"నీ చోటు లాక్కున్నానే నేను," అంటారావిడ. "నువ్వు రావాల్సిన దారిన రోజూ నేనొత్తన్నాను. కోపం రాదేంటే నీకు? పౌరుషం లేదా? లే. లేచి నన్ను తిట్టు. ఎంత తిడతావో తిట్టు, పడతాను."

చెప్పి, జవాబు కోసం ఆగుతారు. ఊళ్ళో ఎవరికీ ఆఖరి మాట వదలని మనిషి, ఆ పిల్లకి వదిలేసి, దువ్వెన పట్టుకుని అలా ఎదురుచూస్తూ కూర్చుంటారు.